తలుపు తీసినందుకు

ముందే చెప్పేస్తున్నాను, తరవాత నన్ను అనొద్దు. నేను పెంచి రాసే మనిషిని. మా గల్లీలో పిల్లి అడ్డమొస్తే మీ దాకా వచ్చేసరికి అది పులి అవుతుంది, దాని వెనక ఇంకో రెండు పులులు కూడా ఉంటాయి. మా ఆవిడ నా మాటల్ని నాలుగుతో భాగించి వింటుంది. నేనేం చేయను? సూరత్ రింగ్ రోడ్డు మీద చీరల దుకాణంలో పనిచేస్తాను. పాలిస్టరుని పట్టు అనడంతోనే మా పొద్దు మొదలవుతుంది. కాబట్టి కింద రాసినదాంట్లో ఎంత ఉంచుకుని ఎంత కోసేయాలో మీ ఇష్టం. నా కోపాన్ని మాత్రం కోయకండి. దాన్ని పెంచలేదు. నిజానికి కాస్త తగ్గించాను, చదివేవాళ్ల చేతులు కాలకూడదని.

పోయిన ఆదివారం పొద్దున మా పేట డిండోలిలో, సూరత్ తెలుగువాళ్ల సంఘం హాల్లో సంతాప సభ. చనిపోయిన మనిషి గురించి కాసేపు, వచ్చిన పెద్దల గురించి చాలాసేపు మాట్లాడాక, సంఘం కార్యదర్శి వందన సమర్పణకి లేచాడు. ఈ కార్యదర్శి గొప్పవాడు. చేతికి శాలువా అందితే ఎవరి భుజమో చూసుకోకుండా కప్పేస్తాడు. ఒకసారి హాలు స్తంభానికి కప్పి దండం కూడా పెట్టాడు. ఏ సభకైనా సరిపోయేలా ఎప్పుడో రాసిపెట్టుకున్న కాగితం జేబులోంచి తీసి, "ఈ సంతాప సభను ఇంత ఘనంగా జయప్రదం చేసిన మీ అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఇలాంటి కార్యక్రమాలు ముందు ముందు మరెన్నో జరుపుకోవాలని కోరుకుంటున్నాను" అని చదివేశాడు. మొదటి వరసలోని ముసలివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, తరవాతి కార్యక్రమం ఎవరిదా అని. వెనక వరసలు చప్పట్లు కొట్టాయి.

వేదిక మీద దండ వేసిన ఫొటో ఉంది. అందులోంచి ఆయన చూసిన చూపుకి బంతిపూలు అక్కడికక్కడే వాడిపోయాయి. ఎందుకంటే సూరత్‌లో మావాళ్ల సభ ఏది జరిగినా వందన సమర్పణ చేసింది ఆ ఫొటోలో ఉన్నాయనే. బతుకమ్మ అయినా, గణపతి అయినా, ఎవరైనా సొంత సాంచాలు, అంటే మర మగ్గాలు, పెట్టుకున్నా, ఆఖరి మాట ఆయనదే. అందరికీ ఆయన ఓటాఫ్ థ్యాంక్స్ మామ. అసలు పేరు నేను రాయను. సూరత్‌లో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాడు రేషన్ కార్డు క్లర్కు ఒక్కడే, వాడు కూడా తప్పు పిలిచాడు.

ఫొటో పక్కన, మెత్త వేసిన కుర్చీలో, మామ పనిచేసిన కార్ఖానా సేటు కూర్చున్నాడు. నా కోపం ఆ కుర్చీ దగ్గర మొదలైంది. దాని సంగతి తరవాత.

మామ జానెడు మనిషి, మైలు పొడవు గొంతు. ఆయన డిండోలిలో తుమ్మితే భుసావల్ వెళ్లే బండి సిగ్నల్ ఇచ్చారనుకుని కదిలేది. తప్పు గొంతుది కాదు, సాంచాలది. కరీంనగర్ వైపు పల్లెలోంచి మీసాలు రాకముందే వచ్చి, జీవితమంతా మర మగ్గాల చప్పుడులో నిలబడినవాడు. అక్కడ మనిషి మాట మనిషికి వినపడదు. అన్నీ సైగలే. బొటనవేలు నోటి దగ్గర పెడితే నీళ్లు. చెవి పట్టుకుంటే దారం తెగింది. పొట్ట నిమురుకుంటే సేటొస్తున్నాడు. ఒకసారి నేను ఆయన్ని, థ్యాంక్స్‌కి ఏం సైగ మామా అని అడిగాను. దానికి సైగ లేదన్నాడు. ఎందుకు లేదంటే, ఎన్నడూ పని పడలేదట.

అలాంటి మనిషికి థ్యాంక్స్ పిచ్చి ఎలా పట్టిందో కూడా చెప్పాలి. ఉధ్నా స్టేషన్ ప్లాట్‌ఫారమ్ మీద పాత పుస్తకాలవాడి దగ్గర ఇంగ్లీషు నేర్పే పుస్తకం ఒకటి కొన్నాడు. తెచ్చి అటక మీద పెడితే ఎలుక దాన్ని ముందు నుంచీ వెనక నుంచీ తినుకుంటూ వచ్చి, మధ్యలో కడుపు నిండి ఆగిపోయింది. మిగిలింది ఒక్కటే పాఠం: కృతజ్ఞతలు చెప్పుట, విందులో గ్లాసెత్తుట. దాంతో మామకి ఇంగ్లీషులో థ్యాంక్స్ తప్ప ఇంకేదీ రాదు. దారి అడగలేడు, మంచినీళ్లు అడగలేడు, తిట్టలేడు. సారీ చెప్పడం అసలే రాదు, ఆ పాఠాన్ని ఎలుక మొట్టమొదట తిన్నది. థ్యాంక్స్ మాత్రం వరద. థ్యాంక్స్ ఎ మిలియన్. మచ్ ఆబ్లైజ్డ్. ఐ కాంట్ థ్యాంక్యూ ఎనఫ్. టీ ఇచ్చిన వాడికి యూ షుడంట్ హావ్ అనేవాడు. వద్దంటున్నాడేమో అని వాడు గ్లాసు వెనక్కి తీసుకుపోయేవాడు.

సభల్లో ఆయన ఆఖర్న మాట్లాడాలి. ఆఖర్న అంటే ఎప్పుడో మీకు తెలుసు. ఇప్పుడు వందన సమర్పణ అని మైకులో వినపడగానే మనవాళ్లకి అది బండి కూతలా తోస్తుంది. పిల్లల్ని చంకన వేసుకుని, చెప్పులు చేత పట్టుకుని, భోజనాల వైపు ఒక్క ఉరుకు. మామ మైకు ముందుకి వచ్చేసరికి హాల్లో కుర్చీలు తప్ప ఏమీ ఉండవు. ఆయనకి ఒళ్లు మండేది. "తినుండ్రి, మంచిగ తినుండ్రి. నేను కుర్చీలకు చెప్పుకుంట" అని మొదలుపెట్టేవాడు. నిజంగానే కుర్చీలకు చెప్పేవాడు. కుర్చీలు మోసుకొచ్చిన టెంట్ హౌస్ ఒడియా మనిషికి చెప్పేవాడు, జనరేటర్ దగ్గర పొగలో కూర్చున్నవాడికి చెప్పేవాడు, గిన్నెలు తోమే ఆడవాళ్లకి చెప్పేవాడు. ఆ తరవాత లాస్ట్ బట్ నాట్ ది లీస్ట్ అని ఆగి, ఊపిరి తీసుకుని, పాట పాడతానని చెప్పి రానివాళ్లకి, చందాలో వంతు రాయించి ఫోన్ ఎత్తనివాళ్లకి, పంతులుకంటే ముందే పప్పులో చెయ్యి పెట్టినవాళ్లకి ఒక్కొక్కరికీ ఫ్రమ్ ది బాటమ్ ఆఫ్ మై హార్ట్ చెప్పేవాడు. భోజనాల దగ్గర ముద్దలు గొంతులో ఆగిపోయేవి. ఆయన తిట్టినా థ్యాంక్సే, పొగిడినా థ్యాంక్సే. తేడా తెలుసుకోవడం విన్నవాళ్ల పని.

కానీ ఆయన అసలు విద్య ఇది కాదు. ఆ చిరిగిన పాఠంలో చివరి వాక్యం ఒకటుంది, సెలవు చీటీల అడుగున రాసేది: థ్యాంకింగ్ యూ ఇన్ యాంటిసిపేషన్. దానర్థం ఏమిటని నన్ను అడిగాడు. మీరు చేస్తారని నమ్మి ముందుగానే థ్యాంక్స్ అని చెప్పాను. మామ కళ్లు ఉధ్నా స్టేషన్ దీపాల్లా వెలిగాయి. "గిదేంది అల్లుడా, ఇంత మంచి మాట అడుగున పడేసిండ్రు" అన్నాడు.

ఆ ఏడు గణపతి మండపం దగ్గర మా వార్డు నాయకుడొకాయన దండలు వేయించుకుని కూర్చున్నాడు. మామ మైకు పట్టుకుని, వచ్చే బేస్తవారం మన గల్లీలో నల్లా పెట్టించినందుకు నాయకుడుగారికి థ్యాంక్స్ ఎ మిలియన్ అన్నాడు. జనం ఈలలు వేశారు. నాయకుడు కూడా చెయ్యి ఊపాడు, ఊపుతూ ఊపుతూ మధ్యలో ఆగిపోయాడు, తను ఏ నల్లా పెట్టిస్తున్నాడో గుర్తుకు రాక. అప్పటికే ఆడవాళ్లు వరసగా వచ్చి కాళ్లకి దండాలు పెడుతున్నారు. ఏం చేస్తాడు. నల్లా వచ్చింది. నీళ్ల కోసం వేరే థ్యాంక్స్ చెప్పాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

గ్లాసుల సంగతి ఒక చెవుల డాక్టరు దగ్గర నేర్చుకున్నాడు. గుంటూరు నుంచి వచ్చిన కుర్ర డాక్టరు, అందర్నీ అండీ అండీ అంటాడు, కుక్కని కూడా అవతలికి వెళ్లండీ అంటాడు. వాడి దవాఖానా తెరిచిన రోజున టోస్టు చేద్దామన్నారు. గుజరాత్‌లో మందు నిషేధం; నలుగురి ముందు గ్లాసెత్తి తాగకూడదని మావాళ్లు దానికి అర్థం చెప్పుకున్నారు. అందుకని చల్లటి కోకో తెప్పించారు, చిక్కటి పాలల్లో చాక్లెట్ కలిపి సూరత్‌వాళ్లు తాగేది. వాడి స్నేహితులందరూ గ్లాసులు పైకెత్తి, టంగుమని తగిలించుకుని, హియర్స్ టు యువర్ హెల్త్ అన్నారు. మామ నోరు తెరిచి చూశాడు. పాఠంలో చదివినది కళ్లముందు జరుగుతోంది మరి.

ఇట్ల ఎందుకు తగిలిస్తరని డాక్టర్ని అడిగాడు. ఏం లేదండీ, ఊరికే, మంచి జరగాలనండీ అన్నాడు డాక్టరు. ఊరికే అన్నమాట మామ నమ్మలేదు. మా వైపు చేతిలో చెయ్యి వేస్తే ఒట్టు. ఇంగ్లీషువాళ్లకి చేతుల్లో గ్లాసులుంటాయి కాబట్టి గ్లాసుకి గ్లాసు వేస్తారు, అంతే తేడా అని తీర్మానించాడు. "మాట అయితే గాలిల పోతది. సాంచాల కాడ ఆ మాట చెవిలకే రాదు. గ్లాసు తగిలితే చేతికి తెలుస్తది గదా" అన్నాడు నాతో. నేను కాదని చెప్పబోయాను. ఆయన అప్పటికే కోకో గ్లాసుతో డాక్టరు ముందుకి వెళ్లి, ఐతారం ఐతారం సాంచాలోళ్ల చెవులు చూసేందుకు మచ్ ఆబ్లైజ్డ్ అన్నాడు. డాక్టరు నవ్వి గ్లాసు తగిలించాడు. పాపం, చదువుకున్నవాడు, ఏమీ తెలియదు. ఆ తరవాతి ఆదివారం దవాఖానా ముందు చెవుల మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ వరస రైలు పట్టాల దాకా వచ్చింది. వాడు ఇప్పటికీ ఆదివారాలు చూస్తున్నాడు. మొదటి చెవులు మామవే చూశాడు. ఇంక లాభం లేదండీ, ఆలస్యమైపోయిందండీ అన్నాడు. మామకి అది కూడా వినపడలేదు. థ్యాంక్యూ అన్నాడు.

ఇక్కడితో ఆపేస్తే ఇది నవ్వుకునే కథ. ఆపను.

మామ పనిచేసిన కార్ఖానా డిండోలికి దగ్గర్లోనే, రైలు పట్టాలకి ఇవతల. మూడంతస్తులు. పై అంతస్తులో సాంచాలు, మధ్యలో దారం, కింద బట్ట తానులు. ఎక్కడానికి, దిగడానికి ముందు వైపు ఒకటే మెట్లు, అవి తానుల మధ్య నుంచి వెళ్తాయి. వెనక వైపు ఇనుప మెట్లున్నాయి. వాటికి పై అంతస్తులో ఇనుప తలుపు, తలుపుకి బయట నుంచి తాళం. ఎందుకంటే మాల్ చోరీ అవుతుందట. పాలిస్టరు దారం ఎత్తుకుపోతారట మావాళ్లు. ఏం చేసుకుంటారయ్యా దాన్ని, నంజుకుంటారా?

ఒక మధ్యాహ్నం కింద వైరు మాడి పొగ వచ్చింది. పెద్ద మంట కాదు, ఇసుక పోస్తే ఆరిపోయింది. కానీ ఆ పొగ ముందు మెట్ల మీద నుంచి పైకే వెళ్లింది, ఇంకెక్కడికి వెళ్తుంది. పైన మనుషులు వెనక తలుపు దగ్గరికి ఉరికారు. దాన్ని పిడికిళ్లతో బాదారు. సాంచాలు ఆడుతూనే ఉన్నాయి, ఆ చప్పుడులో ఎవరికి వినపడుతుంది. కింద మంట ఆరాక అందరూ దగ్గుకుంటూ దిగారు. ఎవరూ పోలేదు. ఎవరూ పోలేదు కాబట్టి ఏమీ జరగలేదని సేటు అన్నాడు. ఆ రోజు మామ కిందే ఉన్నాడు. పైన తలుపు బాదినవాళ్లలో ఆయన కొడుకున్నాడు, అదే అంతస్తులో పగటి షిఫ్టు వాడిది. ఆ పూట నుంచి మామకి ఆ తలుపు తప్ప ఇంకో మాట లేదు. వెళ్లి అడిగాడు. హో జాయేగా కాకా అన్నాడు సేటు. మళ్లీ అడిగాడు. మళ్లీ హో జాయేగా. ఈ హో జాయేగా అంటే అయిపోతుంది అని అర్థం. సూరత్‌లో ఇంతవరకు ఆ మాటతో ఏదీ అయిపోలేదు.

తరవాత కొత్త సాంచాలు వచ్చాయి. వాటికి పూజ, పూజకి యంత్రాలమ్మిన కంపెనీవాళ్లు, బ్యాంకువాళ్లు, టోపీలు పెట్టుకున్న పెద్దలు. కాకాకి ఇంగ్లీషు థ్యాంక్స్ బాగా వచ్చు, ఆఖర్న రెండు ముక్కలు చెప్పిద్దామని సేటుకే బుద్ధి పుట్టింది. ఆ పూట నేను దుకాణం తరపున మిఠాయి డబ్బాలు పట్టుకుని వెళ్లి అక్కడే ఉన్నాను. ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని మామ మైకు ముందుకొచ్చాడు. ఆ రోజు ఎవరూ భోజనానికి లేవలేదు, ముందు వరసల్లో ఉన్నది పెద్దమనుషులు కదా, వాళ్లకి పళ్లెం దగ్గరికే వస్తుంది. మామకి జీవితంలో మొదటిసారి నిండు హాలు దొరికింది. రైజ్ యువర్ గ్లాసెస్ అన్నాడు. అందరూ కోకో గ్లాసులెత్తారు. ఈ పూట నుంచి పై అంతస్తు వెనక తలుపుకి తాళం వేయనందుకు మా సేటుకి థ్యాంకింగ్ యూ ఇన్ యాంటిసిపేషన్ అని ముందు ఇంగ్లీషులో, తరవాత హిందీలో, తరవాత ఎందుకైనా మంచిదని తెలుగులో చెప్పాడు. మైకు వదిలి, గ్లాసు పట్టుకుని, సేటు దగ్గరికి నడిచి, టంగుమని తగిలించాడు. కంపెనీవాళ్లు వెరీ గుడ్, సేఫ్టీ అని చప్పట్లు కొట్టారు. సేటు నవ్వాడు. ఆ నవ్వు నేను చూశాను. అలాంటి నవ్వు మా దుకాణంలో కూడా అమ్మరు.

తాళం తీశారు. కంపెనీవాళ్లు యంత్రాలు బిగించి వెళ్లేదాకా తీసి ఉంచారు. వాళ్ల బండి బయలుదేరగానే కొత్త తాళం వచ్చింది, పాతదానికంటే పెద్దది. నా లెక్కలో అది కొబ్బరికాయంత.

మామ వెళ్లి అడిగాడు. మేనేజరు, థ్యాంక్స్ చెప్పావు కదా కాకా, ఇంకేంటి అన్నాడు. మామకి నిజంగా అర్థం కాలేదు. సేటు అబద్ధమాడతాడని ఆయనకి తెలుసు, దానికి కోపం లేదు. గ్లాసు తగిలించాక అబద్ధం ఎలా ఆడతారు? అది ఆయన బుర్రకి ఎక్కలేదు. ఊరికే అండీ, అదొక మర్యాద అండీ అని డాక్టరు చెప్పాడు. అది ఒట్టు కాదు మామా, ఇంగ్లీషువాళ్లు కూడా ఊరికే అంటారు అని నేనూ చెప్పాను. "ఊరికే అనేదానికి గ్లాసెందుకు, మైకెందుకు, అంతమందిని పిలుసుడెందుకు" అని నా మీద అరిచాడు.

కొన్నాళ్లకి కార్ఖానాలో మామకి సన్మానం చేశారు. శాలువా కప్పారు, పళ్లు పెట్టారు. ఇన్నేళ్ల సేవకి మాటల్లో థ్యాంక్స్ చెప్పలేను అన్నాడు సేటు. ఈ మాట వింటే నాకు రక్తం పొంగుతుంది. మాటల్లో చెప్పలేకపోతే తాళంచెవితో చెప్పు. జేబులోనే ఉంది కదా. ఆ సన్మానం అర్థం రేపటి నుంచి పనికి రావద్దని. థ్యాంక్యూ అనే మాటని మెడ పట్టి గెంటడానికి కూడా వాడతారని మామకి అప్పుడు తెలిసింది. ఇంత జరిగితే ఆయనేం చేశాడు? జవాబుగా యూ ఆర్ వెల్‌కమ్ అనాలి కదా. అనలేదు. శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి దిగిపోయాడు. ఎందుకనలేదు మామా అంటే, "ఎల్కమ్ అంటే ముచ్చట ఖతం. ఇంకా ఖతం కాలే" అన్నాడు.

కాలేదనే అనుకున్నాడు. కార్ఖానా వెనక గల్లీలో ఒక మరాఠీ మనిషి టీ బండి ఉంది. అక్కణ్నుంచి చూస్తే ఇనుప మెట్లు, పైన తలుపు, తలుపు పక్కన జాలీ కిటికీ కనపడతాయి. మామ రోజూ మధ్యాహ్నం అక్కడికి వచ్చి నిలబడేవాడు. టీ గ్లాసు అందుకుని, తాగకుండా, తలుపు వైపు పైకెత్తి, హియర్స్ టు యువర్ హెల్త్ అని అరిచేవాడు. ఆ అరుపుకి తాళం ఊగేదని రాస్తే మీరు నమ్మరు, ఊగేది. జాలీ వెనక నుంచి కొడుకు చెయ్యి పైకి లేచేది. చెయ్యి కనపడితేనే మామ టీ తాగేవాడు. కనపడని రోజు, వాడు దారం అతుకుతూ ఏ మూలో ఉన్న రోజు, టీ చల్లారిపోయేదాకా గ్లాసు ఎత్తి పట్టుకుని అలాగే నిలబడేవాడు. బండివాడు ఇంకో టీ పోసేవాడు. దానికి యూ షుడంట్ హావ్.

నేను అటు వెళ్లినప్పుడల్లా పక్కన నిలబడేవాణ్ని. ఇంటికి పో మామా, నీ అరుపు సాంచాల చప్పుడులో లోపల ఎవరికి వినపడుతుంది అన్నాను ఒకసారి. ఆయన నా వైపు చూడకుండానే, "నాకు ఇనబడ్తలేదు. ఆళ్లకు ఇనబడ్తలేదు. సేట్‌కు ఇనబడాలె" అన్నాడు. తరవాత టీ తాగి, గ్లాసు బండి మీద పెట్టి, "నువ్వు పేపర్ల రాస్తవట గదా అల్లుడా. ఉన్నయి లేనియి రాస్తవట. నీ అబద్ధం ఒక్కటన్న జర పనికొస్తె బాగుండు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. నా అబద్ధాల వల్ల ఎంతమంది పాలిస్టరు కట్టుకుని పట్టనుకుని సుఖంగా ఉన్నారో ఆయనకేం తెలుసు.

పోయిన నెల ఆయన ఇంట్లోనే, పొద్దున టీకి నీళ్లు పెట్టేలోపు పోయాడు. తలుపు అలాగే ఉంది. కొడుకు అలాగే పైన ఉన్నాడు.

ఇప్పుడు మళ్లీ సంతాప సభకి రండి. సేటు మైకులో, కాకా మా ఇంటి మనిషి, ఆయన రుణం తీర్చుకోలేం అన్నాడు. మన కార్యదర్శి దాన్ని తెలుగులోకి మార్చి ఇంకాస్త నెయ్యి పోశాడు. ఆ సమయానికి మామ కొడుకు ఎక్కడున్నాడని అడగరేం? పై అంతస్తులో, షిఫ్టులో. సంతాపానికి సేటుకి తీరిక దొరికింది, కొడుక్కి సెలవు దొరకలేదు.

కార్యదర్శి తన కాగితం చదివేశాక, చప్పట్లు అయ్యాక, బండి కూత వినపడ్డట్టు జనం లేవబోతుంటే, మామ భార్య లేచి మైకు దగ్గరికి నడిచింది. అత్త ఎప్పుడూ నలుగురిలో మాట్లాడింది లేదు. మామ ఒక్కడే ఇద్దరి వంతూ అరిచేవాడు. ఆమె చేతిలో టీ బండి గాజు గ్లాసుంది, బండివాడే ఇచ్చి పంపాడట. హాలు ఆగిపోయింది.

"ఆయనుంటే ఆఖరుకు ఆయనే మాట్లాడుతుండె. లేడు గాబట్టి నేను మాట్లాడుతున్న" అంది. "ఎనక తల్పు తీసినందుకు సేట్‌కు థ్యాంక్యూ. మా పిలగాడు పైననే ఉన్నడు. ఇయ్యాల తీస్తడు, మల్ల ఎన్నడు ఎయ్యడు, గందుకు ఇంకో థ్యాంక్యూ."

మైకు కిందపెట్టి సేటు కుర్చీ దగ్గరికి వెళ్లింది. పెద్దలకి గాజు గ్లాసుల్లో, మాకు కాగితం కప్పుల్లో టీ ఇచ్చారు, కాబట్టి సేటు చేతిలో గాజు గ్లాసే ఉంది. ఏమంటోందని ఆయన కార్యదర్శిని అడిగాడు. కార్యదర్శి దగ్గర నెయ్యి అంతా అయిపోయి, థ్యాంక్స్ అంటోంది సేట్, అని మాత్రం అనగలిగాడు. ఆమె గ్లాసు చాచి నిలబడింది, దించలేదు. అందరూ చూస్తున్నారు. సేటు గ్లాసు తగిలించాడు. టంగుమంది. చివరి వరసకి వినపడింది.

అప్పుడు జరిగింది చూడండి. భోజనాల వైపు ఒక్కడు ఉరకలేదు. పులిహోర వాసన గుప్పుమంటున్నా, ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు, జనరేటర్ మనిషి, అండీ డాక్టరు, అందరం సేటు వెనక నిలబడ్డాం. థ్యాంక్స్ చెప్పాం కదా, చెప్పినదాన్ని చూసొద్దాం అంది అత్త. సేటు నడిచాడు. మేము వెనక నడిచాం. ఊరేగింపు డిండోలి గల్లీలు దాటి, టీ బండి దాటి, ఇనుప మెట్లు ఎక్కింది. మేనేజరు తాళంచెవి తెచ్చాడు. ఆ కొబ్బరికాయంత తాళం మెట్ల మీద నుంచి దొర్లుతూ కిందకి వస్తుంటే సాంచాలన్నీ ఒక్కసారి ఆగాయి. తలుపు తెరుచుకుంది. లోపలి నుంచి కొడుకు, మొహం నిండా దారపు నూగు, బయటి గాలిలోకి వచ్చి నిలబడ్డాడు. అత్త అప్పుడు అంది, మామ చెప్పకుండా దాచుకుపోయిన మాట. ఎల్కమ్.

మీకు ఇక్కడే అనుమానం రావాల్సింది. మావాళ్లు పులిహోర వదిలేసి వందన సమర్పణ వెనక నడవడమేమిటి?

ఒప్పుకుంటున్నాను. ఎలుక అబద్ధమని అనుకుని ఉంటారు, ఎలుక నిజం. నల్లా నిజం, డాక్టరు ఆదివారాలు నిజం, జాలీ వెనక చెయ్యి నిజం. అత్త మైకులో అన్న ప్రతి మాటా నిజం. ఊరేగింపు నుంచి మాత్రం నేను అల్లాను. అసలు జరిగింది ఏమిటంటే, సేటు గ్లాసు తగిలించి, రెండు చేతులూ జోడించి, కారెక్కి వెళ్లిపోయాడు. మేము భోజనాలు చేశాం. పులిహోర బాగుంది. అత్త తినలేదు. గ్లాసు పట్టుకుని టీ బండి దగ్గరికి వెళ్లింది, మధ్యాహ్నం వేళ అయింది కదా.

నేను ఇది రాస్తున్న పూటకి తాళం వేసే ఉంది. ఇది అచ్చయ్యాక మా మార్కెట్లో ఎవడో ఒకడు సేటుకి చదివి అర్థం చెప్తాడు, ఆ మాత్రం పుణ్యాత్ములు ఉన్నారు. అప్పటికి తలుపు తీసి ఉంటుందని రాస్తున్నాను. తీసినందుకు సేటుకి ముందుగానే ధన్యవాదాలు.

మరిచిపోయావేమో సేట్, గ్లాసు తగిలింది. అది నేను పెంచి రాసింది కాదు.